ఉమ్మడి గొడుగు

మహారాజశ్రీ అపార్ట్‌మెంటు అసోసియేషన్ అధ్యక్షులవారి దివ్యసముఖమునకు, మూడో అంతస్తు కాపురస్తుడు చేసుకొను మనవి.

అయ్యా, మన మేడ మీద ఇంటికొకటి చొప్పున ఎనిమిది డిష్‌లు ఉండేవి. చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయనీ, బట్టలారేసుకోను చోటు లేదనీ, అందరికీ కలిపి ఒకటే పెట్టుకుందామనీ జనరల్ బాడీలో ఏకగ్రీవంగా తీర్మానించారు. మీటింగుకి వచ్చింది నలుగురే, ఆ నలుగురూ కమిటీవారే కనక ఏకగ్రీవం కావడానికి ఆట్టే శ్రమ పడలేదు. ఆనాటి నుంచి ఈ భవనంలో జరుగుతున్న ఘోరాలను తమ దృష్టికి తేకపోతే పాపం నాకు చుట్టుకుంటుంది.

మొదటి తగువు ఆకాశంలోనే వచ్చింది. మనలో ఎక్కువమంది నెలనెలా డబ్బు కట్టి చూసే ప్రసారాల ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. కింది వాటా మాస్టారిది పైసా కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్. అది జీశాట్-15 నుంచి, అంటే 93.5 డిగ్రీల నుంచి వస్తుంది. మన విజయవాడ నుంచి చూస్తే ఒకటి ఇంచుమించు దక్షిణాన, రెండోది ఆగ్నేయాన. దీనికి ట్రెజరరు గారు చెప్పిన తీర్పు మినిట్స్ పుస్తకంలో భద్రంగా ఉంది: “గొడవెందుకండీ, డిష్‌ని మధ్యలోకి తిప్పుదాం. ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.” అలా తిప్పితే ఇద్దరికీ ఏమీ రాదు. సమానంగా రాదు కాబట్టి న్యాయం కాదనడానికి కూడా లేదు. చివరికి మాస్టారిని ఓట్లతో ఓడించి డిష్‌ని 83కే తిప్పారు. ఆయన మెయింటెనెన్స్ కట్టడం మానేశారు.

ఇక ఎల్‌ఎన్‌బీ భాగోతం. డిష్ ముందుకు చాచిన కడ్డీ కొసన ఉండే బుర్ర అది. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాల్లో కొన్ని నిలువు, కొన్ని అడ్డం. ఇంట్లో సెట్‌టాప్ బాక్సు కేబుల్లోంచి 13 వోల్టులు పైకి పంపితే బుర్ర నిలువు వాటిని దించుతుంది, 18 పంపితే అడ్డం వాటిని. ఒక్క కాపురమైతే హాయి. ఎనిమిది కాపురాలకు పంచాలంటే క్వాట్రో ఎల్‌ఎన్‌బీ అని ఒకటుంది. నిలువూ అడ్డం, వాటిలో మళ్లీ ఎగువా దిగువా, నాలుగు రకాలనూ నాలుగు తీగల్లో విడివిడిగా దించుతుంది. కింద మల్టీస్విచ్ అనే డబ్బా కూర్చుని ఎవరడిగింది వాళ్లకు వడ్డిస్తుంది. ఈ ముక్క టెక్నీషియన్ కుర్రాడు మొదటి రోజే చెప్పాడు. ధర కూడా చెప్పాడు, అదే వాడు చేసిన తప్పు.

“అంత ఖర్చెందుకయ్యా? సింగిల్ ఎల్‌ఎన్‌బీకి స్ప్లిటర్ తగిలిస్తే పోలా? మా తోడల్లుడింట్లో అలాగే చేశారు” అన్నారు సెక్రటరీ గారు. తోడల్లుడింట్లో ఉన్నది ఒక టీవీయేనని తర్వాత తెలిసింది.

స్ప్లిటర్ తీగను చీలుస్తుంది గానీ బుర్రను చీల్చలేదు. 13 అడిగేవాడూ 18 అడిగేవాడూ ఒకే తీగ మీద పడితే ఎక్కువ వోల్టులు అడిగినవాడిదే పైచేయి. నేను చూసే వార్తలు 13 వోల్టులవి. రెండో అంతస్తు పిన్నిగారి సీరియల్ 18 వోల్టులది. అక్కడ అత్తగారు కోడలి మీద కళ్లెర్రజేయగానే ఇక్కడ నా టీవీలో “సిగ్నల్ లేదు” అని నీలం తెర పడుతుంది. ప్రకటనలొచ్చినప్పుడు పిన్నిగారు వేరే చానెల్‌కి పోతే, నాకు వార్తలొస్తాయి. రాష్ట్ర బడ్జెట్ మొత్తం నేను సబ్బుల ప్రకటనల సందుల్లోనే విన్నాను. ఆదాయం తెలిసింది, వ్యయం దగ్గర సీరియల్ మొదలైంది.

నేను గోల పెట్టగా కమిటీవారు బజారుకెళ్లి క్వాట్రో తెమ్మంటే క్వాడ్ తెచ్చారు. పేర్లు దగ్గరగా ఉన్నాయని కొట్టువాడు ఇచ్చేశాడు, వీళ్లు పుచ్చేసుకున్నారు. క్వాడ్ నేరుగా నాలుగు పెట్టెలకు నాలుగు తీగలిస్తుంది. ఎవరి వోల్టులు వారివి, ఎవరి చానెల్ వారిది. ఆ నాలుగు తీగలూ అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారి, ఉపాధ్యక్షుల ఇళ్లకే ఎలా దిగాయో విచారించవలసిందిగా తమరిని కోరడం వృథా, అందులో మొదటి తీగ తమరిదే. మిగతావాళ్లం మాత్రం పాత సింగిల్ బుర్రా, దాని స్ప్లిటరూ పట్టుకుని పాత డిష్‌లలో ఒకదాని కింద బతుకుతున్నాం.

ఆ పాత డిష్ ఉన్నది మామ్మగారి వడియాల చాప పక్కన. పొద్దెక్కేసరికి దాని నీడ సరిగ్గా గుమ్మడి వడియాల మీద పడుతుంది. ఒక ఆదివారం క్రికెట్ మధ్యలో అందరికీ ఒకేసారి బొమ్మ పోయింది. పైకి పరిగెత్తి చూస్తే డిష్ జానెడు పక్కకి తిరిగి ఉంది, కడ్డీకి తడి తువ్వాలు వేలాడుతోంది. “కాస్త జరిపాను నాయనా, వడియాలు మెత్తబడి చస్తున్నాయి. మీ బొమ్మలు ఎక్కడికి పోతాయి?” అన్నారు మామ్మగారు. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి గురిపెట్టిన డిష్ రెండు మూడు డిగ్రీలు తప్పినా గురి పోయినట్టేనని ఆవిడకు మనవి చేశాను. ఆవిడ నాకు రెండు పచ్చి వడియాలు చేతిలో పెట్టి పట్టి చూడమన్నారు. మెత్తగానే ఉన్నాయి.

వాన సంగతి నేనెత్తను. కూ బ్యాండు తరంగాలకు పెద్ద వాన పడదు, దానికి కమిటీని తిట్టడం ధర్మం కాదు.

కానీ ఒక్కటి అడుగుతాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా సైట్ అనే ప్రయోగం నడిచింది. మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. కోళ్లగూళ్లకు కొట్టే వలతో అల్లిన డిష్, ఊరుమ్మడిగా ఒక టీవీ. ఊరు ఊరంతా దాని ముందు కూర్చుని వ్యవసాయం పాఠాలు చూసింది. అప్పుడు ఊరికి చాలిన గొడుగు ఇప్పుడు ఎనిమిది వాటాలకు చాలకపోవడం కమిటీ కార్యదక్షత గాక మరేమిటి?

కావున తమరు వెంటనే అసలు క్వాట్రో, ఎనిమిది తీగల మల్టీస్విచ్ కొనిపించి, మాస్టారి కోసం 93.5 వైపు ఇంకో చిన్న డిష్ పెట్టించి, మామ్మగారికి పడమటి వైపు ఎండ తగిలే చోటు కేటాయించవలెను. అంతదాకా రాత్రి తొమ్మిది గంటలకు పిన్నిగారు 13 వోల్టుల సీరియళ్లే చూడవలెనని ఉత్తర్వు ఇప్పించవలెను. ఈ నెల మెయింటెనెన్స్ చెక్కు ఈ మనవికి జతచేయలేదు.