కాళ్లందకున్నా కాలరెగరాలె

కరీంనగర్ జిల్లాలో మగపిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండితే ఓటు హక్కు ఒక్కటే రాదు, దాంతోపాటు ఒక సలహా మండలి కూడా వస్తుంది. మేనమామ, పక్కింటి అన్న, పాన్ డబ్బా కాడి దోస్తులు, ఫోన్లో రీళ్లు తిప్పే నిపుణులు అందరూ అందులో సభ్యులే. ఎజెండాలో ఉండేది ఒకటే అంశం, మొదటి బండి ఏది కొనాలి. చర్చ జరగకముందే తీర్మానం ఆమోదం పొందుతుంది. "కొంటె పెద్దదే కొను తమ్మీ. చిన్నది కొంటె రెండేండ్లకే మనసు విరుగుతది, మల్ల అగ్గువకు అమ్ముకోవాలె. తోలరాకపోతే ఏమైతది, తోలుకుంట తోలుకుంట అదే వస్తది."

ఈ మండలి దగ్గర సీసీల కులవ్యవస్థ ఒకటి ఉంది. వంద సీసీ బండి రిటైరైన పంతుళ్లకు, పొద్దున్నే పాలు పోసేవాళ్లకు. నూటపాతిక పెండ్లయి ఇద్దరు పిల్లలున్నవాళ్లకు. నూటయాభై కాలేజీకి. రెండు వందల దగ్గర మగతనం మొదలవుతుంది, మూడున్నర వందలకు మీసం మొలుస్తుంది. టీవీఎస్ ఎక్సెల్ పేరెత్తితే నవ్వు ఆపుకోలేరు. ఆ ఎక్సెల్ మీదే, నాలుగు గుర్రాల పైచిలుకు శక్తితో, ఉట్నూరు వైపు రైతు యూరియా బస్తా ముందర పెట్టుకుని, ఇంటావిడను వెనక ఎక్కించుకుని గుట్టలెక్కుతాడు. ఆయన మీసం గురించి మండలి ఎప్పుడూ చర్చించలేదు.

ఇది అనాది ఆచారమేమీ కాదు. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చినప్పుడు మన నాయనలు అడిగింది "లీటరుకు ఎంతిస్తది?" అని. 2001 చివర్లో బజాజ్ పల్సర్ దిగింది. దాని ప్రకటన 'డెఫినెట్లీ మేల్' అని చాటింది. కడుపులో బిడ్డకు లింగనిర్ధారణ చేయడాన్ని 1994 చట్టం నేరంగా ప్రకటించిన దేశంలో, ఇనుప బండికి ఆ పరీక్ష బహిరంగంగా చేసి ఫలితం హోర్డింగుల మీద రాశారు. బండి మంచిదే, దాని తప్పేమీ లేదు. అయితే ఆనాటి నుంచి మన పోరగాళ్లకు ఒక వెసులుబాటు దొరికింది. మగతనం సొంతంగా సంపాదించే శ్రమ తప్పింది, డౌన్ పేమెంట్ కడితే షోరూం వాళ్లే తాళంచెవితోపాటు ఇస్తున్నారు.

మండలి సభ్యులు అడిగే ప్రశ్నలు వినండి. పికప్ ఎట్లున్నది? టాప్ ఎండ్ ఎంత? సౌండ్ వస్తదా? సైలెన్సర్ మార్చొచ్చా? అడగని ప్రశ్నలు రెండున్నాయి. బండి మీద కూర్చుంటే నీ రెండు కాళ్లు నేలకు ఆనుతాయా? అది పడిపోతే నువ్వొక్కడివే లేపగలవా? స్ప్లెండర్ బరువు 112 కిలోల చుట్టుపక్కల, ఇంజన్ శక్తి 8 గుర్రాలు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. డ్యూక్ 200 శక్తి పాతిక గుర్రాలు, డ్యూక్ 390ది నలభై పైమాటే. నిన్నటిదాకా సైకిల్ తొక్కినవాడు, క్లచ్ ఎంత వదలాలో చేతికింకా తెలియనివాడు, నలభై గుర్రాలను ఒక్క మణికట్టుతో తిప్పబోతున్నాడు. ఈత నేర్చుకునేవాడిని తీసుకుపోయి దిగువ మానేరు డ్యాం గేట్లు ఎత్తిన పూట కింద దింపి, "దిగు తమ్మీ, అదే వస్తది" అనడం ఇది.

చట్టం ఏమైనా అడ్డం పడుతుందా అంటే, అది కూడా మండలిలో గౌరవ సభ్యురాలే. మనకు గేరు బండి లైసెన్స్ ఒకటే రకం. వంద సీసీకీ అదే, వెయ్యి సీసీకీ అదే. ఐరోపా దేశాల్లో మెట్లు పెట్టారు. చిన్న వయసు వాళ్లకు 125 సీసీ, 11 కిలోవాట్ల దాకా ఒక లైసెన్స్. ఆ పైన 35 కిలోవాట్ల వరకు ఇంకొకటి. దాని మీద రెండేళ్లు నడిపి, మళ్లీ పరీక్షో శిక్షణో పూర్తిచేస్తే గాని పెద్ద బండి చేతికి రాదు. జపాన్‌లో 400 సీసీ దాటాలంటే వేరే లైసెన్స్. వాళ్లకు మగతనం తక్కువై కాదు, ఆగడం కూడా ఒక విద్య అని వాళ్లు ఒప్పుకున్నారు.

మన పరీక్షలోనూ ఒక నిజం బయటపడుతుంది. ఆర్టీఏ ట్రయల్ గ్రౌండులో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వేయాలి. రెండు వందల సీసీ వీరుడు ఆ పొద్దు సొంత బండిని ఇంటి దగ్గరే పెట్టి, మేనమామ స్ప్లెండర్ అడుక్కుని వస్తాడు. ఎందుకంటే, "మనది మలగది అన్నా." ఎనిమిది అంకెలో మలగని బండి కరీంనగర్ టవర్ సర్కిల్లో జనం మధ్య ఎట్లా మలుగుతుందో మాత్రం అడగకూడదు. ట్రయల్ దాకా వచ్చినవాడు నయం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొందరికి ఎల్ఎల్ఆర్ కూడా లేదు, నంబర్ ప్లేటు మీద మాత్రం మామయ్య పదవి రాసి ఉంటుంది. మైనరు చేతికి తాళమిచ్చి అతడు నేరం చేస్తే తల్లిదండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని 2019 సవరణ చెబుతుంది. పదో తరగతి పాసైన కొడుక్కి బండి బహుమతిగా ఇచ్చే బాపులు ఈ మాట వినగానే అంటారు, "మావోడు గల్లీలనే తోల్తడు." ఆ గల్లీ ఒక చివర రాజీవ్ రహదారి మీదే తేలుతుంది.

ఇక డబ్బు సంగతి. మొదటి బండి ఎంపికలో అసలు మహత్యం ఏమిటంటే, ఎంచుకునేవాడు ఒకడు, చెల్లించేవాడు ఇంకొకడు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో ఎందరి నాయనలో గల్ఫ్‌లో ఉన్నారు. ఆయన అక్కడ పనికి కంపెనీ బస్సులో పోతాడు, కొడుకు ఇక్కడ ఆ పైసలతో షోరూంలో అన్నిటికంటే పై మోడల్ అడుగుతాడు. లేదంటే పిల్లనిచ్చే మామ ఉండనే ఉన్నాడు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అందుకే మనవాళ్లు దాన్ని కట్నం అనరు, "బండి పెడ్తున్నరు" అంటారు. పత్తి అమ్మిన మామ నూటపాతికకు సిద్ధపడితే, అల్లుడు మధ్యవర్తి చెవిలో రెండు వందల యాభై అని ఊదుతాడు. తోలడం రాని అల్లుడి సరదాకు మామ మీద వాయిదాలు. ఆ వాయిదాలు తీరేలోపు అల్లుడు తోలడం నేర్చుకుంటే మామ అదృష్టవంతుడు.

బండి ఇంటికి రాగానే జరిగే మొదటి శస్త్రచికిత్స చీర గార్డు తీసేయడం. వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని, వెనక కూర్చున్నవాళ్లకు పట్టుకునే పిడి ఉండాలని మోటారు నిబంధనల్లో 123వది చెబుతుంది. "అది ఉంటె లుక్ పోతది." వెనక సీటేమో అటక మీద పీట వేసినంత ఎత్తు. దాని మీద పట్టుచీరతో కొత్త పెండ్లికూతురు ఒక పక్కకు కూర్చుని వేములవాడకు పోవాలి. ఎవరి నాయన డబ్బుతో వచ్చిన బండో, ఆమెకే అందులో సరైన చోటు లేదు.

అక్కడి నుంచి కొండగట్టు. అంజన్న సన్నిధిలో బండికి పూజ, హ్యాండిల్‌కు దండ, ట్యాంకుకు పసుపు కుంకుమ, టైరు కింద నిమ్మకాయ. ఇందులో ఎగతాళి చేయడానికేమీ లేదు, భక్తి ఎవరి ఇష్టం వారిది. అడగాల్సింది వేరే ఉంది. నిమ్మకాయ నలిగింది సరే, తల నలగకుండా ఏం తెచ్చావు? కొత్త ద్విచక్ర వాహనంతో ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలని 138వ నిబంధన. షోరూంలో మనవాడు బేరమాడేది దాని మీదే. "హెల్మెట్ వద్దు గని సీటు కవర్ వేసియ్యి." రామగుండం ఎండలో హెల్మెట్ పెడితే మెదడు ఉడుకుతుందని వైద్యశాస్త్రం కూడా వినిపిస్తాడు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మిగిలిన పైసలతో మంచి హెల్మెట్ కొనమని మండలి సలహా ఇచ్చిందా? ఇంకో యాభై సీసీ పైకెక్కమంది.

ఇంతకూ ఈ గుర్రాలన్నీ పరుగెత్తే మైదానం ఏది? యాసంగి కోతలకు పెద్దపల్లి, జగిత్యాల దారుల్లో సగం రోడ్డు వడ్లది. పగలు ఆరబోసి, రాత్రి కుప్పచేసి, నల్ల పరదా కప్పి చుట్టూ బండరాళ్లు పేరుస్తారు. కరీంనగర్ చుట్టూ గ్రానైటు లారీలు, గోదావరిఖని వైపు బొగ్గు టిప్పర్లు. పత్తి సీజన్లో ఆదిలాబాద్ మార్కెట్ యార్డు ముందర ట్రాక్టర్ల వరుస. నిర్మల్ దాటితే మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోతుంటే కెరమెరి మలుపులు. వాటి మధ్య ఎక్కడైనా, ఎప్పుడైనా, రోడ్డుకు అడ్డంగా నెమరేసుకుంటూ ఒక బర్రె. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. కుప్ప కంటబడి చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే ఆ సెకను ఖర్చవుతుంది. ఆ తర్వాత బ్రేకు పని మొదలవుతుంది, వేగం రెట్టింపైతే అది బండిని ఆపే దూరం నాలుగింతలు. బర్రెకు నీ టాప్ ఎండ్ ఎంతో తెలియదు, తెలిసినా లేవదు.

బ్రేకు విషయంలోనూ మండలికి ఒక సిద్ధాంతం ఉంది. "ముందు బ్రేకు ముట్టకు, పల్టీ కొడ్తవు." బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది, కాబట్టి ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు చక్రానిదే. దాన్ని ముట్టుకోకుండా వెనక బ్రేకు ఒక్కటే తొక్కేవాడు వడ్ల కుప్ప దాకా జారుకుంటూ పోతాడు. ముందు బ్రేకును గుంజకుండా మెల్లగా ఒత్తిడి పెంచుతూ నొక్కడం నేర్చుకోవాలి, రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ఇది తేలికైన బండి మీద, ఖాళీ జాగాలో, తక్కువ వేగంలో నేర్చుకునే విద్య. "మనదానికి ఏబీఎస్ ఉన్నది" అంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరే. చక్రం బిగుసుకుపోకుండా చూడటం దాని పని. వడ్ల గింజల మీద లేని పట్టును అది పుట్టించలేదు.

అసలు మొదటి బండి కొనేది ఎందుకు? పడేయడానికి. కొత్తవాడు స్టాండు వేస్తూ పడేస్తాడు, యూటర్న్‌లో పడేస్తాడు, ఇంటి ముందు ర్యాంపు మీద పడేస్తాడు. పడినప్పుడు లేపగలిగే బరువు, విరిగిన లివరుకు ఊరి మెకానిక్ దగ్గరే సామాను, మనసు విరగని ధర, ఈ మూడూ ఉన్నదే మంచి మొదటి బండి. మన దగ్గర అది మెకానిక్‌కు చూపించి, కాగితాలు సరిచూసి కొన్న పాత వంద సీసీయో నూటపాతికో అవుతుంది. కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి. న్యూట్రల్లో పెట్టి పది అడుగులు వెనక్కి నెట్టగలగాలి. మిగిలిన డబ్బుతో ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు, ఒకటి వెనక కూర్చునేవాళ్లకు. రెండేళ్ల తర్వాత అమ్మితే నష్టమని బెంగపడేవాళ్లు, పాత స్ప్లెండర్ మళ్లీ ఎంతకు పోతుందో సంతలో అడిగి రండి. పెద్ద బండి మీద మోజు ఉంటే ఉండనివ్వండి, తప్పులేదు. అది రెండో బండి. ఆశ తీరకుండా ఉండటం వేరు, వరస తప్పకుండా ఉండటం వేరు.

షోరూం వాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్లు అమ్మడానికే కూర్చున్నారు. ప్రభుత్వం మెట్ల లైసెన్స్ తెస్తే మంచిది, తెచ్చేలోపు ఆ మెట్టు ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఈసారి మండలి సమావేశంలో "చిన్నబండి ముసలోళ్లకు తమ్మీ" అని ఏ అన్నైనా గొంతు సవరించుకుంటే, ఒకే ప్రశ్న వేయండి. "అన్నా, అరవై మీద ఉన్నప్పుడు నీ బండి ఎంత దూరంల ఆగుతది?" కొలిచి చూసి చెప్పగలిగితే ఆయన మాట వినండి, ఆయన నిజంగా తోలేవాడు. ఆగే సంగతి అడిగితే ఉరికే సంగతి చెప్పాడా, చాయ్ తాగించి సాగనంపండి. చాయ్ పైసలే దండుగ, అవి ఏ వాయిదా కన్నా అగ్గువే.