నిక్కమిదియె: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పెట్టె విప్పి బోర్డు బిగియించి ప్రాసెసర్
పేర్చి ర్యాము గుచ్చి పేస్టు పూసి
తీగలన్ని గలిపి తిన్నగా మీటను
నొక్కఁ దెరయు వెలుగు, నిక్క మిదియె.

అవతారిక: మొదటిసారి సొంతంగా డెస్క్‌టాప్ కంప్యూటర్ కూర్చుకోబోయే అమాయకుడికి, ఆరితేరిన అన్నయ్య ఒకడు ఉపదేశించిన పద్యమిది. "ఏముందిరా, ఒక్క స్క్రూడ్రైవర్ చాలు" అన్న వచనం దీనికి మూలం. నడుములు పట్టేసిన శిష్యుల ప్రార్థన మీద ఈ వ్యాఖ్యకు పూనుకుంటున్నాం.

పెట్టె విప్పి: స్పష్టము.

బోర్డు బిగియించి ప్రాసెసర్ పేర్చి: క్రమభంగ దోషం. బోర్డు ఇంకా బల్ల మీద ఉండగానే ప్రాసెసర్, ర్యాము ఎక్కించాలి. క్యాబినెట్లో బిగించాక చెయ్యి పట్టదు. కవి యతి కోసం వరస తప్పించాడు. ఛందస్సు నిలిచింది, శిష్యుడి వేళ్లు గీరుకుపోయాయి. ఇక్కడ శాఖాభేదం కూడా ఉంది. ఇంటెల్ వారికి 2004 నుంచీ పిన్నులు సాకెట్లోనే. ఏఎండీ వారు సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో 2022లో ఏఎం5తో గాని ఆ మతం పుచ్చుకోలేదు. పిన్ను వంగితే దిక్కులేదన్నది ఉభయ మతాలకూ సమ్మతం.

ర్యాము గుచ్చి: ఎక్కడ? గాళ్లు నాలుగు, కడ్డీలు రెండు అయితే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడి, నాలుగో గాడి. పక్కపక్కన గుచ్చితే రెండూ ఒకే ఛానల్లో పడి వేగం తగ్గుతుంది. కవి మౌనం.

పేస్టు పూసి: బియ్యపు గింజంత అని కొందరు, బఠాణీ అంత అని కొందరు. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర ముందు ఒలవాలని మాత్రం ఉభయులూ అనరు.

తీగలన్ని గలిపి: ఇక్కడ వ్యాఖ్యాతల సంగతి కొంత చెప్పుకోవాలి. కొలిచాల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. కాళిదాస కావ్యాలకు టీక రాస్తూ ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. తర్వాతి టీకాకారులు కొందరు ఆ మాటను తిరగేశారు. "కమలము = తామరపువ్వు" అని ఓపిగ్గా రాస్తారు; ఆరు పదాల సమాసం ఎదురవగానే "సుగమము" అని గట్టు దాటేస్తారు. సుగమమని ఉన్నచోట ఊబి ఉందని పాఠకుడు అనుభవం మీద నేర్చుకోవాల్సిందే. మల్లినాథుడే మదర్‌బోర్డు మాన్యువల్ రాసి ఉంటే పిన్ను పిన్నుకీ అన్వయం చెప్పి, ధన ఋణ ధ్రువాలకు విగ్రహవాక్యం రాసి, అమరకోశం ఉదహరించి ఉండేవాడు. పుస్తకం వెయ్యి పుటలయ్యేది. మీట పనిచేసేది.

ఇప్పటి మాన్యువళ్లు రాస్తున్నది ఆ తర్వాతివాళ్లే. మర ఎటు తిప్పాలో బొమ్మ వేస్తారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పేరుతో బోర్డులకు కొలతలు కట్టింది. పూర్తి బోర్డు 305 మిల్లీమీటర్లకు 244. ఆనాటి చిల్లుల్లోనే ఈనాటికీ మరలు దిగుతున్నాయి. ఇంత కట్టుబాటు ఉన్న లోకంలో, క్యాబినెట్ ముందు మీటకీ దీపాలకీ వెళ్లే సన్న తీగలు మాత్రం చాలా వాటిలో ఇంకా విడివిడిగానే వేలాడుతుంటాయి. ఏది ఏ పిన్నుకో కంటికి ఆనని అక్షరాల్లో బోర్డు మూల రాసి ఉంటుంది. మీట తీగ ఎటు గుచ్చినా ఒకటే, దీపం తీగ తిరగబడితే వెలగదు. ఈ ఒక్క వాక్యం అచ్చేస్తే సిరా అయిపోతుందా?

తిన్నగా: యతి కోసం వచ్చింది. అర్థం లేదు.

నొక్కఁ దెరయు వెలుగు: ఈ పాదంలో ప్రాసయతి ముచ్చటగా కుదిరింది. కానీ పేరు చివర 'ఎఫ్' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కొని, మానిటర్ తీగను గ్రాఫిక్స్ కార్డుకు కాక బోర్డుకు గుచ్చినవాడికి ఏ ప్రాసయతీ తెర వెలిగించదు.

నిక్క మిదియె: కవి అభిప్రాయం.

తాత్పర్యం: విడిభాగాలు కూర్చితే కంప్యూటర్ అవుతుంది. ఈ కవి మాత్రం తన కంప్యూటర్ను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో షాపతని చేత బిగింపించుకుని, ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాడని ఐతిహ్యం.