చావని ప్రాసెస్సుకు తొమ్మిదో నంబరు మందు

సర్వరు సత్తాను పరీక్షించే మన పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. స్ట్రెస్-ఎన్‌జీకి నిమిషం గడువిచ్చి డిస్కు మీదికి వదులుతారు. గడువు దాటినా కొన్ని ప్రాసెస్సులు కదలవు. వెంటనే కిల్ -9. అప్పటికీ పోకపోతే అదే కిల్ -9, ఈసారి ముందు సూడో తగిలించి. హోదా చూపిస్తే భయపడుతుందని కాబోలు. పీఎస్ జాబితాలో స్టేట్ గడిలో 'డీ' అన్న అక్షరం మాత్రం ఎవరి కంటా పడదు. ఆ ప్రాసెస్సు కెర్నెల్ లోపల డిస్కు జవాబు కోసం ఆగి ఉంది. 2008 నుంచి కొన్నిరకాల నిరీక్షణలను కిల్ తెంపగలుగుతోంది గానీ, మిగతావాటిలో జవాబు వచ్చేదాకా సిగ్నల్ వాకిట్లో నిలబడాల్సిందే. అదే గడిలో 'జెడ్' ఉంటే మరీ తమాషా. అది ఎప్పుడో చచ్చింది. తల్లి ప్రాసెస్సు వచ్చి లెక్క తేల్చలేదు గనుక పట్టీలో పేరు మిగిలింది. చచ్చిన పాము మీద ఎన్ని కర్రలు విరిగితే ఏం లాభం?

ఇక డిస్కు నెమ్మదించిందన్న గోల. మొదట్లో డీడీ కమాండు సెకనుకు రెండు జీబీ చూపించింది కదా, ఇప్పుడేమైందని ప్రశ్న. అప్పుడు రాసింది డిస్కు మీద కాదు, ర్యామ్‌లో. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకును క్వారీ గట్టున పడేసి, సరుకు చెన్నై రేవులో ఓడెక్కిందని పుస్తకంలో రాసుకునే వ్యాపారి ఉండడు. రాళ్లవాళ్లకున్న ఆపాటి లెక్క మన టెస్టింగు నివేదికలకు లేదు. లీనక్స్‌లో డర్టీ రేషియో, అంటే డిస్కు చేరకుండా ర్యామ్‌లో పేరుకోనిచ్చే డేటా హద్దు, మామూలుగా 20 శాతం. 60 జీబీ అందుబాటులో ఉన్న యంత్రంలో దాదాపు 12 జీబీ బాకీ పేరుకున్నాకే రాసేవాళ్లకు గట్టిగా కళ్లెం పడుతుంది. సెకనుకు 150 ఎంబీ రాసే హార్డ్‌డిస్కుకు ఆ బాకీ తీర్చడానికి 80 సెకన్లు కావాలి. నిమిషం పరీక్ష తర్వాత వేలాడే ప్రాసెస్సు ఎదురుచూసేది ఆ వాయిదా కోసమే. లీనక్స్ లోడ్ యావరేజీలో 'డీ' ప్రాసెస్సులు కూడా కలుస్తాయి కాబట్టి అంకె నలభై దాటుతుంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చున్నా కొత్త కోర్లకు ఆర్డరు వెళ్తుంది. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

రీబూట్ చేస్తే అన్నీ పోతాయి కదా అంటారు. పద్ధతిగా చేస్తే అదీ ఆ బాకీ దగ్గరే ఆగుతుంది. పవర్ బటన్ నొక్కితే నిజంగానే అన్నీ పోతాయి, డిస్కు చేరని డేటాతో సహా. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరు మాయమైతేనో, డిస్కే పాడైతేనో ఎంతసేపు చూడాలంటారా? న్యాయమైన ప్రశ్నే. ఐవోస్టాట్‌లో రాతలు కదులుతుంటే ఆగండి. కదలకపోతే డీమెసేజ్ చూడండి; ప్రాసెస్సు 120 సెకన్లకు మించి ఇరుక్కుంటే చాలా సర్వర్లలో కెర్నెలే అక్కడ ఫిర్యాదు రాసిపెడుతుంది. ఆ తర్వాత రీబూట్ చేస్తే ఎవరూ కాదనరు. అసలు వేగమే కావాలంటే డీడీకి ఎఫ్‌డేటాసింక్ జతచేస్తే చాలు, డిస్కు చేరేదాకా లెక్కిస్తుంది. కాకపోతే అప్పుడు రెండు జీబీ కాస్తా 150 ఎంబీ అవుతుంది, ఆ అంకె టెండరు కాగితం మీద అంత అందంగా కనిపించదు.