ఇరుసుపై నా స్థానము

కాన్సాస్ రాష్ట్రమందలి ఫ్లింట్ హిల్స్ గుట్టలలో పశువులను మేపి జీవించు ఒక రైతు పికప్ ట్రక్కు తొట్టి నడుమ అమరియున్న ఉక్కు గోళమును నేను. నన్ను గూస్‌నెక్ హిచ్ అందురు. నా వ్యాసము 2 5/16 అంగుళములు. ట్రెయిలరు ముందుకొన నుండి పైకి లేచి, వంగి, తొట్టిలోనికి దిగు కంబము నా శిరస్సును తన గుంటలో ఇముడ్చుకొనిన పిమ్మట, ఆ ట్రెయిలరు బరువులో రమారమి ఐదవ వంతు నాపై వ్రాలును.

నేను రాక పూర్వము నా యజమాని బంపరు క్రింది హిచ్చుతో చిన్న ట్రెయిలరు నీడ్చెడివాడు. ఆ అమరికయందు బరువు వెనుక ఇరుసునకు ఆవల పడుట వలన ట్రక్కు వెనుకభాగము క్రుంగి, ముందు చక్రములు తేలికపడి, ఆ మైదానముల గాలికి ట్రెయిలరు ఊగినప్పుడెల్ల ఆ ఊపు స్టీరింగు దాక ప్రాకెడిది. ఎడ్లబండి తోలినవారికి ఈ మర్మము విదితమే: బస్తాలు వెనుకకు జరిగినచో కాడి పైకి లేచును, ముందునకు జరిగినచో ఎడ్ల మెడలు క్రుంగును. నా స్థానమన్ననో ఇరుసునకు సరిగా పైన, కాకున్న రెండు మూడంగుళములు ముందు; నాపై పడిన భారము వెనుక ఇరుసుపైననే నిలిచి, ముందు చక్రములను తేలికపరుపదు. నా విలువయంతయు నా ఉక్కునందు కాక ఈ స్థానమందే కలదని నా దృఢవిశ్వాసము.

నన్ను ఎన్నుకొనుటలో ఆయన చూపిన వివేకమును నేను మిక్కిలి గౌరవింతును. నేను 30,000 పౌనుల ట్రెయిలరును లాగుటకును, 7,500 పౌనుల నిలువు భారమును మోయుటకును సమర్థుడనని నా పెట్టెపై వ్రాసియుండినను, ఆయన ఆ అంకెలకు మురిసిపోక, డ్రైవరు తలుపు చట్రమునకు అంటించిన చీటీని చదివి, పశువులతో నిండిన తన ట్రెయిలరు 14,000 పౌనులు తూగినచో నాపై సుమారు 2,800 పౌనులు పడునని లెక్కించి, దానికి మనుషుల బరువును, నా చట్రము బరువును కలిపి, ట్రక్కు మోయగల పరిమితికి లోబడినదని తేల్చుకొనిన పిదపనే నన్ను కొనెను. తొట్టిలోనే అమర్చు మరియొక రకమగు ఫిఫ్త్ వీల్ హిచ్చు ఆయనకు సరిపడలేదు. అది తొట్టి నడుమ ఎత్తుగా నిలిచి గడ్డికట్టలకు అడ్డుపడును. నేనో, తలక్రిందు చేసి దింపినచో తొట్టి నేలతో సమమగుదును. ఆ తొట్టి 8 అడుగుల పొడవు గలదగుటచే, ఇరుకు మలుపులందు ట్రెయిలరు ముందుమూల క్యాబిన్ అద్దమునకు తగులునను భయమును తగ్గెను.

పొరుగు రైతు తోడురాగా నన్ను అమర్చు పని సాగెను. స్టెప్నీ చక్రమును దింపి, మడ్‌గార్డుల ప్లాస్టిక్ తొడుగులు విప్పి, చాసిస్‌కును తొట్టికిని నడుమ అడ్డుకమ్ములను దూర్చిరి. అటుపై తొట్టి నేలకు 4 అంగుళముల రంధ్రము కోయవలసి వచ్చెను. తిరిగి పూడ్చరాని కోత యగుటచే, మధ్యరేఖను ఒకటికి రెండుమారులు కొలిచి, అడుగున వైర్లు గాని బ్రేకు గొట్టములు గాని లేవని చేతితో తడిమి చూచి, తదుపరి రంపము నానించిరి. కోసిన అంచును ఆకురాయితో నునుపుచేసి, తుప్పు సోకకుండ రంగు పూసిరి. పక్కపలకలను చాసిస్‌కు బిగించి, ప్రతి బోల్టును టార్క్ రెంచితో నిర్ణీతమైన బిగువునకు తెచ్చిరి.

జతపరచుటకును ఒక క్రమము కలదు. కంబమును నాపైకి దింపి, గొళ్ళెము వేసి, అది పట్టుకొనినదో లేదో తెలియుటకు జాకీతో కొంచెము పైకెత్తి చూడవలెను. పిమ్మట గొలుసులు, ట్రెయిలరు తెగిపోయినచో దాని బ్రేకులను పనిచేయించు తీగ, దీపముల ఏడు పిన్నుల ప్లగ్గు. ఇందు ఏదియు వదలదగినది కాదు.

తొలిసారి పశువులను చేరవేసి దింపిన వెంటనే, ఆయన ట్రక్కు క్రిందికి దూరి బోల్టులన్నింటిని మరల పరీక్షించెను. వానిలో ఒకటి రవంత తిరిగెను. దానిని బిగించిన తరువాతనే చేతులు కడుగుకొనెను.