నా లోపలి దూరాలు

నేను రెండు ప్రాసెసర్ల సర్వర్‌ని. శామీర్‌పేటలో ఒక ల్యాబ్‌లో, ర్యాకు అడుగు అరలో ఉంటాను. ఈ చుట్టుపక్కల నా జాతికి కొదవ లేదు. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో శారంగ అనే పెద్ద క్లస్టరే ఉంది. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ. నా పనీ జన్యుక్రమాలను పోల్చడమే, అంటే పొద్దస్తమానం మెమరీ వెతకడమే.

నాలో మెమరీ అంతా ఒక్కచోట లేదు. ఒక్కో ప్రాసెసర్ పక్కన 128 జీబీ ఉంది, ఆ జతనే నోడ్ అంటారు. తన పక్కదాన్ని ప్రాసెసర్ దాదాపు వంద నానోసెకన్లలో అందుకుంటుంది. అవతలిది కావాలంటే మధ్యనున్న లింకు దాటాలి, ఇంచుమించు ఒకటిన్నర రెట్లు పడుతుంది. పెరట్లో బావి ఉండగా కడవ పట్టుకుని శామీర్‌పేట చెరువుకు పోయినట్టు. 2003లో ఏఎండీ ఆప్టెరాన్, 2009లో ఇంటెల్ నెహాలెమ్ జియాన్లు మెమరీ కంట్రోలర్‌ని ప్రాసెసర్‌లోకే తెచ్చాక మా సర్వర్లకు ఈ కాపురమే ఖాయమైంది.

ఈ సంగతి లినక్స్ కర్నెల్‌కు తెలియాలంటే ఎవరో ఒకరు రాసివ్వాలి. బూట్ అయ్యేటప్పుడు నా ఫర్మ్‌వేర్ ఏసీపీఐ పట్టికలు అందిస్తుంది. ఏ కోర్, ఏ మెమరీ ఏ నోడ్‌దో ఎస్‌ఆర్‌ఏటీ చెబుతుంది. దూరాలు ఎస్‌ఎల్‌ఐటీలో ఉంటాయి: సొంత మెమరీకి 10, అవతలిదానికి నాలో 21. 255 అని ఉంటే అసలు దారే లేదని. కర్నెల్ రాసిందే నమ్ముతుంది. ఆ 21 కూడా ఉజ్జాయింపే, అసలు ఆలస్యం అంత లేదు. అందుకే 2017లో ఏసీపీఐ 6.2తో వచ్చిన హెచ్‌మ్యాట్ పట్టిక అంటే నాకు గౌరవం. అందులో ఆలస్యం, బ్యాండ్‌విడ్త్ విడివిడిగా రాస్తారు.

ఒకసారి బయాస్‌లో ఎవరో నోడ్ ఇంటర్‌లీవింగ్ ఆన్ చేశారు. అడ్రసులు రెండు వైపులా వంతులవారీగా పంచేసి, నా ఫర్మ్‌వేర్ ఎస్‌ఆర్‌ఏటీ రాయడమే మానేసింది. ఎర్రర్ రాలేదు, జవాబులూ తప్పలేదు. సగం యాక్సెస్‌లు లింకు దాటుతుంటే పని మాత్రం మెల్లబడింది. పాతదైపోయిందని నన్ను పక్కన పెట్టబోయారు. నాకు చాలా బాధేసింది.

ఒక పీహెచ్‌డీ అమ్మాయి నోడ్లను చూపే న్యూమాసీటీఎల్ కమాండ్ కొట్టి తెర వంక అలాగే చూసింది. “అన్నా, ప్రాసెసర్లు రెండున్నయ్ కదా, నోడ్ ఒక్కటే చూపిస్తాందేంది?”

“బయాస్‌ల చూద్దాం పా చెల్లె” అన్నాడు ల్యాబ్ టెక్నీషియన్.

ఆ సెట్టింగ్ ఆఫ్ చేయగానే 10, 21 తెర మీదికి వచ్చాయి. అయినా ఒక చిక్కు మిగిలింది. ఏ పేజీని ఏ కోర్ మొదట తాకితే ఆ నోడ్‌లోనే కర్నెల్ దానికి చోటిస్తుంది. ఆమె ప్రోగ్రాంలో ఒక్క థ్రెడ్డే మొత్తం జన్యుక్రమాల ఇండెక్స్‌ని సున్నాలతో నింపేది, అంతా మొదటి నోడ్‌లో పేరుకునేది. ఏ థ్రెడ్ భాగాన్ని ఆ థ్రెడ్డే నింపేలా మార్చి, థ్రెడ్లను కోర్లకు కట్టేసింది. న్యూమాస్టాట్‌లో చూస్తే ఇండెక్స్ రెండు నోడ్లలోనూ సర్దుకుంది.

ఇక జీపీయూ కార్డు ఉంది. అది రెండో ప్రాసెసర్ స్లాట్లో ఉంటే దాని జాబ్‌లు మొదటి నోడ్‌లో మొదలవుతున్నాయి. రేపు దాని పని పడతానంది ఆ అమ్మాయి.