రెండు మెతుకుల లెక్క

ఆన్‌లైన్‌లో చెప్పకూడని చదువులు కొన్ని ఉన్నాయని అందరూ ఒప్పుకుంటారు. ఈత ఒకటి, శస్త్రచికిత్స ఇంకొకటి. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఇంట్లో చేయిస్తే ముందు కర్టెన్లు కాలతాయి, ఆ తర్వాత ఇంటి ఓనరుకి కాలుతుంది. డిగ్రీలో చేరినవాళ్ళకి తొలిమెట్టుగా చెప్పే పోషకాహార శాస్త్రాన్నీ ఈ జాబితాలోనే పడేసి, ‘ఇంట్లో కూచుని వీడియోలు చూస్తే వచ్చే విద్యేనా ఇది?’ అని పెదవి విరిచేవాళ్ళున్నారు. నేననేది దానికి పూర్తిగా ఎదురు. ఆన్‌లైన్‌లో చెప్పి తీరాల్సిన ప్రయోగశాస్త్రం ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. దీని ల్యాబు కాలేజీలో లేదు, ఇంట్లో ఉంది. గ్యాసు, కుక్కరు, పోపుల డబ్బా, రుచి చూసి తప్పుపట్టే పరీక్షకులు, అన్నీ అక్కడే ఉన్నాయి. చిక్కల్లా రెండే: ఆ ల్యాబులోకి విద్యార్థి అడుగుపెట్టడు, పెట్టినా మార్కులు దానికి పడవు, బిట్లకి పడతాయి.

కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ‘స్వయం’ వేదికనే తీసుకుందాం. వీడియో పాఠం, చదువుకోవడానికి నోట్సు, తనకు తాను పెట్టుకునే పరీక్ష, సందేహాలు తీర్చే చర్చ అని నాలుగు కాళ్ళ మీద నిలబెట్టారు దాన్ని. చివరి పరీక్ష మాత్రం పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాయాలి. ఇంటిదగ్గర చేసే అసైన్‌మెంట్లకి వందలో పాతికో ముప్పయ్యో మార్కులు. ఏర్పాటులో లోపం లేదు. లోపమంతా వినేవాడి ఆత్రంలో ఉంది. నెమ్మదిగా నమిలి తినాలని చెప్పే పాఠాన్ని రెండింతల వేగంతో వింటాడు. వింటున్నంతసేపూ ఎడమచేతిలో మౌసు, కుడిచేతిలో చిప్స్ ప్యాకెట్టు. ఆ ప్యాకెట్టు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉప్పు, కొవ్వు, చక్కెర లెక్కలున్నాయి. ఆ వారం పాఠం అదే! అయినా అతను ప్యాకెట్టు తిప్పడు, స్క్రీనే చూస్తాడు. నీటిలో కరిగే విటమిన్లు బి, సి అని గుర్తుంటుంది; పరీక్ష గట్టెక్కుతుంది; కేంద్రం గేటు బయట మిరపకాయ బజ్జీల బండి దగ్గర కోర్సు ముగుస్తుంది.

ఇలాంటి కోర్సుల్లో సాధారణంగా ఇచ్చే అసైన్‌మెంటు ఒకటుంది: మూడు రోజులపాటు తిన్నదంతా డైరీలో రాసి, అందులో ఏ పోషకం ఎంతో లెక్కగట్టడం. నా దృష్టిలో కోర్సంటే ఇదే, మిగతాదంతా దీనికి ముందుమాట. కానీ మన భోజనానికీ ఆ ఫారానికీ జాతకాలు కలవవు. ‘పరిమాణం’ అనే గడిలో ఏం రాయాలి? ‘ఏం తిన్నావు?’ అంటే ‘ఏదో, రెండు మెతుకులు’ అని చెప్పే జాతి మనది. వడ్డించేది ఒకరు, తినేది ఇంకొకరు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పడుతుంది. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా నంజుకున్న ఆవకాయ తిండి లెక్కలోకి రాదు, అది అలవాటు. రోజుకి ఐదు గ్రాముల ఉప్పు చాలన్న సలహా ఆ అలవాటు దగ్గరే కొట్టుకుపోతుంది. ‘చిరుతిండి’ అనే గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే డబ్బా మూత బిగించడానికి వెళ్ళి రెండు జంతికలు నోట్లో వేసుకోవడం మన దృష్టిలో తినడం కాదు, సర్దడం.

‘మరి ఇంటిదగ్గర అబద్ధాలు రాసుకునే చదువు చదువెలా అవుతుంది?’ అని మీరడుగుతారు. ఆ అబద్ధంలోనే పాఠమంతా ఉంది. ‘ఎంత తక్కువ తిన్నా తగ్గం, తినేది 1,200 క్యాలరీల లోపే’ అని ప్రమాణం చేసిన కొందరు స్థూలకాయుల్ని అమెరికాలో పరీక్షించి, ఆ ఫలితాలను 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఐసోటోపులు కలిపిన నీళ్ళు తాగించి, మూత్రంలో వాటి జాడ కొలిస్తే ఒంట్లో ఖర్చయిన శక్తి బయటపడుతుంది. నీళ్ళకి మొహమాటం ఉండదు. సగటున వాళ్ళు తిన్నదాంట్లో 47 శాతం తక్కువ చేసి చెప్పారు, చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువ చేసి చెప్పారు. వాళ్ళేమీ దొంగలు కారు, నిజంగా అలాగే నమ్మారు. మనిషి తన పళ్ళేనికి తానే తప్పుడు సాక్షి అన్న సంగతిని తరగతి గదిలో చెబితే అది కొటేషను. తన డైరీలో తన చేతిరాతలో దొరికితే ప్రయోగ ఫలితం. మరే సైన్సులోనూ విద్యార్థే పరిశోధకుడు, విద్యార్థే ఎలుక కాడు.

ఇక లెక్కగట్టడం. విదేశీ యాప్‌లో ‘టమాటా పప్పు’ అని కొడితే అది సూపు చూపిస్తుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల విలువలతో పట్టికలు వేసింది, కానీ అవి పచ్చి సరుకులవి. కందిపప్పుకి వరస ఉంటుంది, తాలింపు పెట్టిన పప్పుకి ఉండదు. విద్యార్థులు దీన్ని ఇబ్బంది అంటారు, నేను అదృష్టమంటాను. వరస లేదు కాబట్టే వంటింట్లోకి పోయి ‘ఎంత పోశారు?’ అని అడగాలి. ఐదుగురున్న ఇంట్లో పూటకి 150 గ్రాముల కందిపప్పు కుక్కరులో పడిందనుకుందాం. మనిషికి 30 గ్రాములు. వంద గ్రాముల్లో ప్రోటీను ఇంచుమించు 22 గ్రాములు కాబట్టి ఒకరి వాటాకి వచ్చేది ఆరున్నర. 65 కిలోల మగవాడికి మన వైద్య పరిశోధన మండలి రోజుకి సిఫార్సు చేసింది 54. ‘రోజూ పప్పు తింటున్నాంగా, ప్రోటీనుకేం లోటు?’ అన్న ధీమాలో పప్పు కన్నా నీళ్ళపాలు ఎక్కువని ఇక్కడ తేలుతుంది. అసలు విడ్డూరం ఇంకోటుంది. అదే మనిషి ఆ పూట 150 గ్రాముల బియ్యం అన్నంగా తింటే దాంట్లోంచి వచ్చే ప్రోటీను పన్నెండు గ్రాములు, పప్పుదానికి దాదాపు రెట్టింపు. అలాగని పప్పు దండగేం కాదు; బియ్యంలో కొరవడే లైసిన్‌ని పప్పు పూరిస్తుంది. ఇది ఏ బిట్ పేపర్లోనూ రాదు. హాస్టలు కుర్రాళ్ళకి మాత్రం కొంత మినహాయింపు ఇవ్వాలి. మెస్సు సాంబారులో పప్పెంతో తేల్చాలంటే పోషకాహార శాస్త్రం చాలదు, పురావస్తు శాఖ రావాలి.

‘మా బామ్మలు ఏ కోర్సు చదివారు? వాళ్ళు నూరేళ్ళు బతకలేదా?’ అనే ప్రశ్న ఈపాటికి వచ్చేసి ఉంటుంది. బతికిన బామ్మల గురించే మనకి తెలుస్తుంది, పోయినవాళ్ళు ఇంటర్వ్యూలివ్వరు. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి పాతుకుపోయి ఉండేది. తెల్లగా పట్టిన పచ్చి బియ్యం, దాన్ని నాలుగుసార్లు కడగడం, ఉడికాక గంజి వార్చి పారబోయడం, ఈ ప్రతి మెట్టు మీదా థయామిన్ జారిపోతుంది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు అరుదు, ఎందుకంటే వడ్లని ఉడకబెట్టినప్పుడే తవుడులోని విటమిను గింజలోకి దిగుతుంది. తార్నాక సంస్థ పుట్టింది కూడా ఈ జబ్బు విచారణ కోసమే, 1918లో, కూనూరులో. దాన్ని మొదలుపెట్టిన మెక్‌కారిసన్ దేశంలోని వేర్వేరు ప్రాంతాల తిండి ఎలుకలకి పెట్టి చూశాడు. గోధుమలూ పాలూ తిన్న ఉత్తరాది ఎలుకలు బలిశాయి. మద్రాసు వైపు అన్నం తిన్న ఎలుకలకి ఆఖరి ర్యాంకు. సంస్థ 1958లో హైదరాబాదుకి వచ్చేసింది. ఆ ర్యాంకు సంగతి మనం మర్యాదగా మరిచిపోయాం. బామ్మలకి తెలిసింది చాలా ఉంది, గంజి పారబోయని ఇళ్ళూ ఉన్నాయి. ఏది తెలివి, ఏది వట్టి అలవాటు అని విడదీయడానికే ఈ చదువు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది: ఈ శాస్త్రం మాట మీద నిలబడదు. వారానికి మూడు గుడ్ల పచ్చసొనలకి మించొద్దని 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అంది. రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ అన్న హద్దుని 2015 నాటి అమెరికా ప్రభుత్వ మార్గదర్శకాలు ఎత్తేశాయి. ఇన్నేళ్ళూ సొన తీసి పక్కన పెట్టినవాళ్ళకి నష్టపరిహారం ఎవరిస్తారు? నిజమే. అందుకే ఫలితాల చిట్టా బట్టీయం వేయించే కోర్సు దండగ, ఫలితం ఎలా వచ్చిందో చూపించే కోర్సు కావాలి. జొన్ననే చూడండి. ఇప్పుడు షుగరు ఉన్న ప్రతివారికీ జొన్నరొట్టె దివ్యౌషధం, వాట్సాప్‌లో దానికి హారతులు. అదే జొన్న ప్రధానంగా తిని బతికిన తెలంగాణ పేదల్లో చర్మం నల్లబడి పొలుసులూడే పెల్లాగ్రాని చూసి, దానికీ జొన్నలోని ల్యూసిన్‌కీ సంబంధం ఉండొచ్చని శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో రాశారు. ఆ కారణం మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. జొన్నని అమృతమనేవాళ్ళకీ విషమనేవాళ్ళకీ జవాబు ఒకటే: పళ్ళెంలో దాని పక్కన ఇంకేముంది? పక్కన ఏముందో డైరీ చెబుతుంది, వాట్సాప్ చెప్పదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. బిట్లకి ముప్పై, డైరీకి డెబ్బై, మార్కులు ఇలా తిరగెయ్యాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో చేసి ఆ క్రెడిట్లు కాలేజీకి మార్చుకోవచ్చు. ఈ ఒక్క కోర్సుకి మాత్రం అందులో కొన్ని వంటింటికి మారాలి, ల్యాబు సొంతదారుకి ఆమాత్రం దక్కాలి కదా. సైన్సు రికార్డు మీద మాస్టారి సంతకం ఉన్నట్టే, డైరీలో ప్రతి పేజీ కిందా వండినవారి సంతకం ఉండాలి. అది అమ్మయినా, నాన్నయినా, మెస్సు వంటమాస్టరైనా సరే. సంతకం ఫోర్జరీ చేస్తారంటారా? కొందరు చేస్తారు. మిగతావాళ్ళు మాత్రం పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడక తప్పదు. అక్కడ కళ్ళజోడు సవరించుకుని, పేజీ మొత్తం ఓసారి చదివి, ‘రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు చప్పుడైంది, అది ఎక్కడ రాశావురా?’ అని అడిగే ఇన్విజిలేటరు దేశంలో ఏ పరీక్షా కేంద్రంలోనూ దొరకదు.