తెల్లకాగితాల ఆసామి

మీ అపార్ట్‌మెంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. గోళ్ళ సందుల్లో ఇంకు, భుజాన గుడ్డసంచీ, సంచీలోంచి తొంగిచూస్తూ చేత్తో కుట్టిన స్కెచ్‌బుక్కు. ఏం చేస్తుంటావు బాబూ అంటే "ఇలస్ట్రేటర్నండీ, ఫ్రీలాన్స్" అంటాడు. అడిగినవాళ్ళు ఓహో అని తలూపి, కాస్త ఆగి, "మరి ఉద్యోగం?" అంటారు.

చిక్కడపల్లిలో మా పైవాటాలో ఉండేవాణ్ణి అందరం బొమ్మలబ్బాయి అంటాం. తెనాలి నుంచి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చాడు. చదువు అయిపోయిందిగానీ సబ్జెక్టులు కొన్ని మిగిలిపోయాయి. "బాపుగారు లా చదివి బొమ్మలు వెయ్యలేదా?" అని ఇంట్లో వాదించాడట. వాళ్ళ నాన్న రిటైర్డు మేష్టారు. బాపు 1955లో మద్రాసు యూనివర్సిటీ లా పట్టా పుచ్చుకున్న సంగతి ఆయనకి ఏడాదితో సహా తెలుసు. "ఆయన పాసయ్యాడ్రా" అన్నార్ట. అంతటితో ఆ చర్చ ముగిసింది.

బొమ్మలబ్బాయికి బజార్లో దొరికే స్కెచ్‌బుక్కు పనికిరాదు. వాటిల్లో ఆత్మ ఉండదట. అందుకని శనివారం పొద్దున్నే చాప పరిచి పుస్తకం కుట్టడానికి కూర్చుంటాడు. ఈ తతంగం మాత్రం చూసి తీరాలి. ఇరవై రెండు అంగుళాలకి ముప్ఫై అంగుళాల వాటర్‌కలర్ షీటు, మూడు వందల జీఎస్సెమ్, నూటికి నూరుపాళ్ళు పత్తి. దాన్ని కత్తెరతో కోస్తే పాపం. స్టీలు స్కేలు అదిమిపెట్టి చించాలి, అంచు నూగునూగుగా రావాలి. అలా ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కోదాన్ని మధ్యకి మడిస్తే పదహారు ఆకులు, ముప్ఫై రెండు పేజీలు. మడిచే ముందు కాగితాన్ని అటూ ఇటూ వంచి చూస్తాడు. కాగితానికీ పోగు ఉంటుంది, దానికి అడ్డంగా మడిస్తే మడత దగ్గర పగులుతుంది. తర్వాత దబ్బనంతో బెజ్జాలు, మైనం రాసిన దారం, కాప్టిక్ కుట్టు. ఈజిప్టు క్రైస్తవులు తొలి శతాబ్దాల్లో కుట్టిన పద్ధతి అది. వీపుకి జిగురు అక్కర్లేదు, ఎక్కడ తెరిచినా పుస్తకం బల్లపరుపుగా పడుకుంటుంది, స్కాన్ చేస్తే మధ్యలో నల్లచార పడదు. అట్టకి కలంకారీ గుడ్డ. సాయంత్రానికి పుస్తకం తయారు. నిజం చెప్పొద్దూ, చేతిలోకి తీసుకుంటే తిరిగి ఇవ్వబుద్ధి కాదు.

సందు చివర బైండింగు చాచా ఉన్నాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురుతో ప్రాజెక్టు రికార్డులకి నల్ల రెక్సిన్ అట్టలు వేసి, వీపు మీద బంగారు అక్షరాలు అచ్చుగుద్ది, కుర్రాళ్ళు బయట టీ తాగేలోగా కట్టలు కట్టిస్తాడు. బొమ్మలబ్బాయి తన కళాఖండాన్ని ఓసారి ఆయనకి చూపించాడు. చాచా కుట్టు లాగి చూశాడు, మడత మీద బొటనవేలు నడిపాడు, అడ్డంగా నిలువుగా తిప్పాడు.

"పని గట్టిగుంది బేటా. ఇందుల ఏం రాస్తవు?"

"రాయను చాచా, బొమ్మలేస్తా."

"ఎప్పుడు?"

అదే చిక్కు. అలమరలో అలాంటి పుస్తకాలు వరసలో నిలబడి ఉంటాయి. అన్నీ ఖాళీ. ఇంత మంచి కాగితం మీద చెత్తబొమ్మ పడితే ఎలా అని మొదటి పేజీ వదిలేస్తాడు. ఇది వీడొక్కడి జబ్బు కాదు, ఆ జాతికంతటికీ ఉంది. కొందరు రెండో పేజీ నుంచి మొదలెడతారు. కొందరు మొదటి పేజీ మీద కావాలని పిచ్చిగీతలు గీసి దిష్టి తీస్తారు. మావాడు ఇంకో మెట్టు ఎక్కి, మొదటి పేజీ తప్పించుకోవడానికి కొత్త పుస్తకం కుడతాడు.

అలాగని ఆశయాలకి లోటు లేదు. వాటిని 'పర్సనల్ ప్రాజెక్టులు' అంటారు. ఎవరూ అడగనిది, ఎవరూ డబ్బివ్వనిది, అందరికీ ముందే ప్రకటించేదీ పర్సనల్ ప్రాజెక్టు. అక్టోబరు వస్తే ఇంక్టోబర్. జేక్ పార్కర్ అనే అమెరికా చిత్రకారుడు 2009లో తన చెయ్యి సాధన కోసం మొదలెట్టుకున్నది, నెలంతా రోజుకో ఇంకుబొమ్మ. మావాడు సెప్టెంబరంతా పెన్నులు కొని, నిబ్బులు సరిచూసుకుని, ఆ నెలకని ప్రత్యేకంగా ఓ పుస్తకం కుట్టి, మొదటి వారం దంచేశాడు. దసరాకి ఊరెళ్ళాడు. అంతే.

ఆ తర్వాతది 'కనుమరుగవుతున్న ఇరానీ హోటళ్ళు'. హైదరాబాదులో బొమ్మలేసే ప్రతివాడికీ ఆటలమ్మలాగా ఒకసారి వచ్చిపోయే ప్రాజెక్టు ఇది. చార్మినార్ పక్కన నిమ్రా, సికింద్రాబాద్ స్టేషనెదుట ఆల్ఫా, ఇంకా జాబితా ఉంది. మూడు బొమ్మలయ్యాక కాగితం తగినంత గరుకుగా లేదని ఆపాడు. సరైన కాగితం దొరికేసరికి జాబితాలో ఒక హోటలు నిజంగానే మూతపడింది. మావాడు బాధపడ్డాడుగానీ, ప్రాజెక్టు పేరుకి న్యాయం జరిగిందన్న తృప్తి కూడా మొహంలో కనబడింది.

ఇవి కళ. ఇక బతుకు సంగతి.

ఫ్రీలాన్సు వాడికి ఇంటర్లోనే మొదలైంది, కాకపోతే ఆ మాట అప్పటికి తెలీదు. బైపీసీ వాళ్ళ రికార్డుల్లో మందారపువ్వు నిలువుకోత, బొద్దింక జీర్ణవ్యవస్థ వేసిపెట్టేవాడు. బొమ్మకో సమోసా. వాడి చేతిలోంచి వచ్చిన గీతల్లో అత్యుత్తమమైనవి ఆ బొద్దింకలేనని నా అభిప్రాయం. ఒక కాపీ చూశాను. కాళ్ళ మీది ముళ్ళు సైతం ఒక్కోటీ ఒక్కో వాటంగా ఉన్నాయి, పేగు మెలిక ఎక్కడా చెరిపి దిద్దినట్టు లేదు. రేపు పొద్దున్న రికార్డు సబ్మిట్ చెయ్యాలంటే మొదటి పేజీ భయం ఎక్కణ్ణించి వస్తుంది?

హైదరాబాదులో తొలి క్లయింటు బాబాయిగారి స్నేహితుడి కర్రీపాయింటు. నవ్వుతున్న వంకాయ లోగో కావాలన్నాడు. బిల్లు పంపిస్తే నెల్లాళ్ళపాటు కర్రీలు పంపించాడు. అన్నీ వంకాయే.

తర్వాత పెళ్ళిశుభలేఖలు. ఇదో పెద్ద మార్కెట్టు. వాట్సాపులో నల్లకళ్ళజోళ్ళు పెట్టుకున్న ఫోటో ఒకటి వస్తుంది, అందులోంచి వధూవరుల క్యారికేచర్ తియ్యాలి. "అన్నా, బాపు బొమ్మలా ఉండాలి" అంటాడు పెళ్ళికొడుకు. బాపు గీతలో ఎక్కడ గీయాలన్నదానికంటే ఎక్కడ ఆపాలన్నది కష్టం. అది తెలిసి మావాడు రాత్రంతా కూచుని, వాలుజడ, సోగకళ్ళు, నాలుగే నాలుగు గీతల్లో చీరకుచ్చెళ్ళు వేసి పంపిస్తాడు. "సూపరన్నా. చిన్న ఛేంజ్" అని జవాబు. ఈ చిన్న ఛేంజ్ ఉందే, చందమామలో శంకర్‌గారు గీసిన భేతాళుడు. భుజానేసుకుని మోసుకొచ్చి దింపామనుకునేలోపు మళ్ళీ చెట్టెక్కేస్తుంది. పెళ్ళికొడుక్కి జుట్టు పెంచాలి. పెళ్ళికూతురికి రంగు తగ్గించాలి. వాళ్ళ కుక్కపిల్లని కూడా పెట్టాలి. తాతగారు పోయారు కానీ మేఘాల్లోంచి దీవిస్తున్నట్టు వెయ్యాలి. ఫైలు పేరు ఫైనల్, ఫైనల్ టూ, అసలు ఫైనల్, ఒట్టు ఫైనల్ దాకా వెళుతుంది. పెళ్ళయిపోయి, ఫోటోలొచ్చి, సీమంతం కార్డుకి రేటెంతని అదే నంబరు నుంచి మెసేజీ వస్తుంది. పాత బాకీ గురించి అడగాలంటే మావాడికి మొహమాటం.

ఒకసారి ఓ ఆఫీసువాళ్ళు మాత్రం పద్ధతిగా డబ్బు వేశారు, పది శాతం టీడీఎస్ కోసుకుని. ఆ రోజు మావాడు సందంతా తిరిగి చెప్పాడు. ప్రభుత్వం తనని ప్రొఫెషనల్‌గా గుర్తించిందట.

అసలు ఆదాయం ఎక్కడుందో మాకెవరికీ తెలీదు, వాడికీ ఆలస్యంగానే తెలిసింది. ఓ ఆదివారం సంతలో స్టాలు పెట్టాడు. ఒక పక్క బొమ్మల ప్రింట్లు, వాటి కింద ఎత్తుకోసం ఖాళీ స్కెచ్‌బుక్కుల దొంతర. జనం ప్రింట్లు పక్కకి జరిపి దొంతర కొనుక్కుపోయారు. కొన్నవాళ్ళంతా బొమ్మలేసేవాళ్ళే. ఒకమ్మాయి పుస్తకం తెరిచి, వాసన చూసి, గుండెకి హత్తుకుని, "ఎంత బావుందో, దీంట్లో గీయాలంటే మనసొప్పదు" అంది. ఫోన్‌పే చేసింది. అలా ఈ నగరంలో ఖాళీ పుస్తకాలు ఒక అలమరలోంచి ఇంకో అలమరకి మారుతున్నాయి.

పోయిన సంక్రాంతికి వాళ్ళమ్మగారు వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. అలమరలో అన్నిటికంటే ఖరీదైన పుస్తకం, ఇటలీ కాగితంది, చేతికందిన చోట ఉందని తీసి, మొదటి పేజీ మధ్యలో బాల్‌పెన్నుతో 'పాలు' అని రాసి కింద గీత కొట్టారు. తర్వాతి పేజీలో చాకలి పద్దు, ఆ తర్వాత కర్రీపాయింటు ఖాతా. మావాడు చూసి నోట మాట రాక కూలబడ్డాడు. "ఖాళీగానే ఉందిగా నాన్నా" అన్నారావిడ, ఇంకో పేజీ తిప్పి ఇస్త్రీ లెక్క మొదలెడుతూ.

మూడోరోజుకి తేరుకున్నాడు. ఆ పేజీలని కిటికీ వెలుగులో ఫోటోలు తీసి, కొత్త పర్సనల్ ప్రాజెక్టు ప్రకటించాడు: 'అమ్మ పద్దులు', వంద బొమ్మల్లో. దానికి తగ్గ పుస్తకం ఇంకా లేదట. చాప పరిచాడు.